మీసం కనబడే పెట్టెలు

ఈ వయసుకి నేను చాలా కథలు చెప్పాను. కొన్నింటికి తోకలు తగిలించాను, కొన్నింటికి కొమ్ములు మొలిపించాను. కాదనను. కానీ ఈ కథ ఆ జాతిది కాదు. ఇందులో నేను కల్పించిన ముక్క ఒక్కటంటే ఒక్కటి లేదు. నమ్మకం లేకపోతే నేలపర్తి వెళ్ళి బస్సు దిగి, కనబడ్డవాణ్ణి ఆపి అడగండి. సెలూను అద్దానికి గోనెసంచి కప్పిన మాట నిజమా కాదా అని అడగండి. మాజీ కౌన్సిలరు గారి బట్టతల మీద పౌడరు సంగతి కూడా అడగండి. ఆయన్ని మాత్రం అడక్కండి, ఆయన చేతిలో ఎప్పుడూ గొడుగుంటుంది.

ఆ నేలపర్తిలో కొప్పిశెట్టి పాండురంగారావు అని ఒకాయన ఉన్నాడు. చేనేత సహకార సంఘంలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం పోయాక చేతులు ఊరుకోక రేడియోలు విప్పడం మొదలుపెట్టాడు. విప్పినవి మళ్ళీ బిగిస్తే కొన్ని మరలు మిగిలేవి. ఆ మిగిలిన మరలతో ఇంకోటి ఏదో తయారుచేసేవాడు. అలా ఒకదాన్నించి ఒకదానికి పాక్కుంటూ చివరికి స్పీకరు పెట్టెల దగ్గరికొచ్చి ఆగాడు.

ఆగడానికి కారణం ఆయన భార్య మంగతాయారు. ఆవిడ గొంతు మంచిది. వంటింట్లో కూనిరాగం తీస్తుంటే, వీధిలో పోయేవాళ్ళు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడిచేవాళ్ళు, చప్పుడైతే ఆపేస్తుందేమోనని. అలాంటి మనిషి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వినాయక చవితి పందిట్లో మైకు ముందు కూర్చుంది. గంగరాజు అద్దెకిచ్చే పెట్టెలవి. ఆ పెట్టెల్లోంచి ఆవిడ గొంతు, గంపకింద కప్పెట్టిన కోడి అరిచినట్టు బయటికొచ్చింది. జనం నవ్వారు. ఆవిడ పాట మధ్యలో లేచి ఇంటికొచ్చేసింది. ఆ తరవాత ఎవరడిగినా ఒకటే మాట: "మా ఆయన చేసిన పెట్టెల్లో అయితే పాడతాను."

ఆ మాట ఆవిడ తప్పించుకోడానికి అన్నదో, మనసులోంచి అన్నదో తెలియదు. పాండురంగారావు మాత్రం మనసులోకే తీసుకున్నాడు. పెళ్ళిలో మామగారు చేయించి ఇచ్చిన టేకు పందిరిమంచం ఒకటి కొట్టుగదిలో నిలబెట్టి ఉంది. ఆవిణ్ణి అడిగి, ఆవిడ ఊఁ అన్నాకనే, దాన్ని కోశాడు. రెండు పెట్టెలు చేశాడు. లోపల దూది కూరాడు, గొట్టం అమర్చాడు, తీగలు కలిపాడు. పాట పెట్టి చూస్తే, నిజం చెప్పాలి, ఎదురుగా మనిషి కూర్చుని పాడినట్టే ఉంది.

"ఈ చవితికి పాడతావా మరి?" అన్నాడు.

"రంగెయ్యకుండానే?" అంది మంగతాయారు.

అసలు తంటా ఆ రంగు దగ్గరే వచ్చింది.

రంగులు వేసే మస్తాను వచ్చి పెట్టెల చుట్టూ తిరిగాడు. "సిమెంటు కలరేసేద్దామండి. మురికైనా కనబడదు, గోడకానించి పెడితే పెట్టే కనబడదు," అన్నాడు.

"కనబడకుండా ఉండటానికా నేనింత చేసింది?" అన్నాడు పాండురంగారావు. ఆయన మనసులో ఎప్పుడో ఒక షోరూము అద్దాల్లోంచి చూసిన నల్లటి పెట్టె ఉంది. తారులా నలుపు, అద్దంలా మెరుపు.

మంగతాయారు మూతి తిప్పింది. "టేకుకి నల్లరంగేంటండీ! మా నాన్న ఏరికోరి తెప్పించిన కలప. ఆ గీతలు చూడండి, నీళ్ళు పారినట్టుంటాయి. పల్చగా లక్క పాలిషు కొట్టించండి, చాలు."

"పాలిషు కొడితే అది మంచంలాగే ఉంటుందే."

"మంచమే కదా!"

"అదే వద్దంటున్నా. పాట వినడానికొచ్చినోళ్ళకి నిద్ర గుర్తుకు రాకూడదు."

చివరికి నలుపే గెలిచింది. మస్తాను ముందే చెప్పాడు: "అయ్యగారూ, ఈ మెరుపు మహా పెంకిదండి. తడారేలోపు దోమ వాలిందంటే దాని కాళ్ళ గుర్తులతో సహా మిగిలిపోద్ది." అందుకని పాండురంగారావు అదే పందిరిమంచం దోమతెర వెతికి తీసి, పెట్టెలకి కట్టాడు. కొత్త పెళ్ళికూతుళ్ళలా తెర లోపల కూర్చున్నాయవి. లప్పం పెట్టడం, ఉప్పుకాగితంతో రుద్దడం, పూత వెయ్యడం, ఆరాక మళ్ళీ రుద్దడం, మళ్ళీ వెయ్యడం. రుద్ది రుద్ది మస్తాను వేలిముద్రలు చెరిగిపోయాయని, రేషను షాపు మిషను వాణ్ణి గుర్తుపట్టడం మానేసిందని చెప్పుకుంటారు. తెర తీసిన రోజు పాండురంగారావు పెట్టె ముందు కూర్చుని గడ్డం గీసుకున్నాడు. ఒక్క గాటు పడలేదు.

మంగతాయారు వచ్చి అందులో చూసుకుని బొట్టు సరిచేసుకుంది. "బాగానే ఉంది," అంది. "మా నాన్న కలప మాత్రం కనబడట్లేదు."

ఆ సాయంత్రం పాండురంగారావు టీ కొట్టుకి వెళ్ళాడు. ఇల్లాలు మెచ్చుకోనిది ఊరు మెచ్చుకుంటే బాగుండునని ఏ మగాడికైనా అనిపిస్తుంది.

"మెరుపంటే అందం కోసమనుకుంటున్నారేమో," అని మొదలుపెట్టాడు గ్లాసు అందుకుని. "కాదు. గరుకు పెట్టెలో శబ్దం ఆ గరుకుని పట్టుకుని అక్కడే వేలాడుద్ది. నున్నటి పెట్టె మీదయితే జారుద్ది. జర్రున జారి వీధి దాటి, సంత దాటి, రైలుకట్ట దాటి పోద్ది."

"రైలుకట్టే!" అన్నాడు ఎవరో.

"నిన్న పాట పెట్టానా? స్టేషన్‌మాస్టరు రైలొచ్చిందనుకుని జెండా పట్టుకుని బయటికొచ్చాడయ్యా!"

బెంచీల మీదివాళ్ళు నవ్వుకున్నారు. పాండురంగారావు మాటలో సగం తీసేసి, మిగిలిన సగాన్ని మళ్ళీ సగం చేసి వినడం ఆ ఊళ్ళో అందరికీ అలవాటే. అలవాటు లేనివాడు ఒక్కడే ఉన్నాడు, ఆ మూల స్తంభం పక్కన. ఈమధ్యే బదిలీ మీద వచ్చిన మనిషి. పేరు సర్వోత్తమరావు. మునిసిపాలిటీలో శబ్ద నియంత్రణ, పట్టణ సౌందర్య విభాగాల సంయుక్త అధికారి. నిండైన మీసం, జేబులో దువ్వెన.

ఆయన కష్టం ఆయనది. ఊళ్ళో మోత తగ్గించమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఎంత తగ్గిందో నెలనెలా రాసి పంపమన్నారు. మోతని కొలిచే మీటరు కావాలని ఈయన రాశాడు. ఎంత మోత ఉందో చెప్తే మీటరు పంపుతామని వాళ్ళు రాశారు. అలా ఉత్తరాలు నడుస్తుండగా ఈ మాట చెవినపడింది. నున్నటిదాని మీద శబ్దం జారుతుంది! అంటే, నునుపుని కొలిస్తే మోతని కొలిచినట్టే కదా? నునుపుని కొలవడానికి మీటరు దేనికి? సర్వోత్తమరావు అప్రయత్నంగా దువ్వెన తీశాడు. మీసం దువ్వుకోవడానికి టీ కొట్టు స్టీలు డబ్బాలోకి చూశాడు. ఆ చూపుతో ఆయనకి దారి దొరికింది.

మూడోనాటికి ఊరంతా ఉత్తర్వు అతికించారు.

"ఇందుమూలముగా నేలపర్తి పురజనులకు తెలియజేయడమేమనగా, శబ్దము నున్నని ఉపరితలములపై జారి వ్యాపించునని స్థానిక నిపుణులు అభిప్రాయపడియున్నందున, ఏ వస్తువునందు తనిఖీ అధికారి తన మీసమును స్పష్టముగా చూచుకొని దువ్వుకొనగలుగునో, అట్టి వస్తువు మోత గల వస్తువుగా పరిగణింపబడును. మీసము లేని అధికారులు కనుబొమలు దువ్వుకొనవచ్చును."

మొదటి తనిఖీ పాండురంగారావు ఇంటికే వచ్చింది. ఆయన ఉత్తర్వు చదవలేదు. గోడ మీద అతికించినవి చదివే అలవాటు ఆయనకి లేదు. పెట్టెల పేరు విని అధికారులే వెతుక్కుంటూ వచ్చారని పొంగిపోయాడు.

"రండి రండి! కుర్చీ ఎయ్యవే. దగ్గర్నించి చూడండి సార్, మొహమాటపడకండి."

సర్వోత్తమరావు గొంతుక్కూర్చున్నాడు. దువ్వెన తీశాడు. మీసం ఎడమవైపు దువ్వాడు, కుడివైపు దువ్వాడు, కొనలు మెలేశాడు.

"అద్భుతం," అన్నాడు.

పాండురంగారావు ఛాతీ ఉబ్బింది.

"ముక్కులోని వెంట్రుకతో సహా కనబడుచున్నది. ఏమయ్యా, సీలు వెయ్యండి."

"సీలా!" పాండురంగారావు పెట్టెలకి అడ్డంగా వెళ్ళాడు. "సార్, రంగేశాక వాటికింకా కరెంటు తీగే తగిలించలేదు. మూగ పెట్టెలవి!"

"చూడండి. మూగతనము తాత్కాలిక స్థితి. మెరుపు శాశ్వత స్థితి. విభాగము శాశ్వత స్థితిని మాత్రమే పరిగణనలోకి తీసుకొనును."

"మెరిస్తే మోతని ఏ దద్దమ్మ చెప్పాడండీ మీకు?"

సర్వోత్తమరావు దస్త్రం విప్పి, వేలు పెట్టి చూపించాడు. "తమరే. స్థానిక నిపుణులు, శ్రీ కొప్పిశెట్టి పాండురంగారావు గారు. అభిప్రాయము వెలిబుచ్చిన స్థలము, టీ కొట్టు."

మంగతాయారు వంటింటి గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోడానికో, ఇంకోదానికో తెలియలేదు. బంట్రోతు పెట్టెల చుట్టూ పురికొస బిగించి, లక్క కరిగించి ముద్ర వేశాడు. ఆవిడ అడిగిన లక్క అలా వచ్చి పెట్టెల మీద పడింది.

అక్కడితో ఆగితే అది ప్రభుత్వం ఎందుకవుతుంది? దువ్వెన ఊరిమీద పడింది. స్టీలు సామాన్ల కొట్లో ప్రతి బిందెలోనూ మీసం కనబడింది. కొట్టాయన కొత్త బిందెలన్నింటికీ బూడిద రాసి, "పాతవే ఇంకా బాగుంటాయమ్మా" అంటూ అమ్ముకోవాల్సొచ్చింది. బ్యాండుమేళం వాళ్ళ ఇత్తడి బాకాలో మీసం వంకరగా, కానీ స్పష్టంగా కనబడింది. దానికి తారు పూయించారు. తారు పూసిన బాకా అంతకుముందు ఊదినంత గట్టిగానూ ఊదింది. విభాగం మాత్రం దాన్ని నిశ్శబ్ద బాకా కింద రాసుకుంది.

మాజీ కౌన్సిలరు బుల్లబ్బాయి గారు ఎండలో నిలబడి పేపరు చదువుకుంటుంటే, వెనకాల ఏదో కదిలినట్టనిపించి తిరిగి చూశాడు. సర్వోత్తమరావు దువ్వెన జేబులో పెట్టుకుంటున్నాడు.

"ఏవయ్యా, నా తలకాయ మోగుద్దంటావా?"

"తమరి తల మోగదు సార్. కాని తమరి ప్రసంగము దాని మీదుగా జారి, అవతలి వార్డులోనికి పోవు ప్రమాదము కలదు. పౌడరు వాడవలెను."

బుల్లబ్బాయి గారు గొడుగెత్తాడు. కానీ నోటీసు తీసుకోక తప్పలేదు. ఆ తరవాత కొన్నాళ్ళు ఆయన తల, పిండి చల్లిన చపాతీ ముద్దలా తిరిగింది.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ నూకరాజు సెలూనుకి తగిలింది. సర్వోత్తమరావు గుమ్మంలో అడుగుపెట్టి, గోడనిండా ఉన్న అద్దాన్ని చూసి, రెండు చెవులూ మూసుకున్నాడు.

"ఏమైందండీ?" అన్నాడు నూకరాజు కత్తెర పట్టుకుని.

"దీనియందు నా మీసము, నీ మీసము, వెనుక బెంచీపైని వారి మీసములు సమస్తమూ ఏకకాలమున కనబడుచున్నవి. పట్టణమున ఇంతటి మోత మరెక్కడనూ నమోదు కాలేదు!"

"అద్దమండీ అది. అద్దం మాట్లాడదండి!"

"అది దాని వాదన."

అద్దానికి గోనెసంచి కుట్టారు. ఆనాటినుంచి నేలపర్తిలో క్షవరాలు ఊహమీద జరిగాయి. ఆ నెలలో తీయించుకున్న పెళ్ళిఫొటోలు ఎవరింట్లోనైనా ఉంటే చూడండి, తెలుస్తుంది.

ఇక గంగరాజు సంగతి. ఊరేగింపులకి వాడు కట్టే పెట్టెల గోడ మేడంత ఉంటుంది. అది మోగితే గర్భిణీ గేదెలు నెలలు నిండకుండానే ఈనేవి. పెట్టెలన్నింటికీ పాత జంపఖానా బిగించి ఉంది. దానిమీద ఎన్నో ఊరేగింపుల దుమ్ము. సర్వోత్తమరావు నిచ్చెనెక్కి పైనుంచి కిందిదాకా దువ్వెనతో వెతికాడు. మీసం కాదు కదా, మొహం ఉన్న జాడే తగల్లేదు.

"పరిపూర్ణ నిశ్శబ్దము!" అని ధ్రువపత్రం ఇచ్చాడు. గంగరాజు దాన్ని పటం కట్టించుకున్నాడు. అద్దం లేకుండా.

చవితి దగ్గరికొచ్చేసింది. పందిరి వేసే కుర్రాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "పిన్నిగారు పాడతారా బాబాయ్? లేపోతే గంగరాజుకి చెప్పేస్తాం."

మంగతాయారు వంకాయలు తరుగుతూ తలెత్తకుండానే అంది: "నేను పాడనని చెప్పెయ్యండి."

కోపంగా అని ఉంటే పాండురంగారావు తట్టుకునేవాడు. ఆవిడ ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా అంది. ఆ పూట నుంచీ వంటింట్లో కూనిరాగం కూడా ఆగిపోయింది. వీధిలో జనం చెప్పులు టపటపలాడించుకుంటూ నడుస్తున్నారు. ఆ చప్పుడు వినలేక పాండురంగారావు మునిసిపాలిటీకి బయల్దేరాడు.

"సార్, నేను టీ కొట్లో చెప్పింది శుద్ధ అబద్ధమండి," అన్నాడు, నలుగురు గుమాస్తాలు వింటుండగా. అంత మాట ఆయన నోట రావడం నేలపర్తి చరిత్రలో అదే మొదలు. "గొప్పకోసం కోశానండి. రంగుకీ మోతకీ సంబంధం లేదు. స్టేషన్‌మాస్టరు బయటికొచ్చింది మూత్రానికండి."

సర్వోత్తమరావు జాలిగా చూశాడు. "పాండురంగారావు గారూ, నిపుణుడు తన మాటను ఉపసంహరించుకొనవచ్చును. కాని దస్త్రమునకెక్కిన అభిప్రాయము తన్ను తాను ఉపసంహరించుకొనజాలదు. పైగా నిపుణునకు తన నైపుణ్యముపై సందేహము కలుగుట వినయలక్షణము. మీ వినయమును కూడ నమోదు చేయించెదను."

"మరి నా పెట్టెలో?"

"మెరుపు తొలగించుటకై సీలు తొలగింపు మంజూరు చేయుచున్నాము. గరుకు చేసి తెండి. మీసము కనబడనినాడు పాడుకొనవచ్చును."

పాండురంగారావు ఇంటికొచ్చి చాలాసేపు ఆ పెట్టెల ముందు కూర్చున్నాడు. అందులో తన మొహమే కనబడుతోంది. ఎంత బాగా కనబడుతోందో! ఊళ్ళో ఎవడి దగ్గరా లేని మెరుపు. వంటింట్లోంచి పోపు చిటపట తప్ప ఇంకే చప్పుడూ లేదు. ఆయన లేచి ఉప్పుకాగితం చింపాడు.

మొదటి రుద్దుకి ఆయన పళ్ళే జివ్వుమన్నాయి. రుద్దుతూంటే నల్లదుమ్ము లేచి చేతులు, మీసం, పంచె అన్నీ నల్లబడ్డాయి. మెరుపు పోయింది, నలుపు పోయింది, లప్పం రాలింది. దాని కిందనుంచి టేకు బయటపడింది, నీళ్ళు పారినట్టు గీతలతో. ఒక పలక అంచున ఏవో గాట్లు తేలాయి. అది మంచం తలాపు పలక. పళ్ళొచ్చే రోజుల్లో వాళ్ళ పెద్దమ్మాయి నించుని కొరికిన గాట్లవి. లప్పం పెట్టి ఆయనే పూడ్చేశాడు.

మంగతాయారు చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆ గాట్ల మీద వేలు పెట్టింది.

"పిల్లి కొరికిందనుకున్నారు అప్పుడు మీరు," అంది.

"అబ్బే, ఎలకన్నాను."

ఆవిడ వేలికంటిన నల్లదుమ్ము కొంగుకి తుడుచుకుంది. లోపలికెళ్ళింది. కాసేపటికి వంటింట్లోంచి సన్నగా రాగం వినబడింది. వీధిలో చెప్పుల చప్పుడు ఆగింది. పాండురంగారావు రెండో పెట్టె కోసం కొత్త ఉప్పుకాగితం తీసుకున్నాడు.

సరిగ్గా ఆ రోజే మునిసిపాలిటీ ముందు నిశ్శబ్ద వారోత్సవాల ప్రారంభం. ఊళ్ళో మోత ఎంత తగ్గిందో చైర్‌పర్సన్ అచ్చాయమ్మ గారు ప్రసంగించాలి. ప్రసంగానికి పెట్టెలు కావాలి. ధ్రువపత్రం ఉన్నవి గంగరాజువే. మేడంత గోడ కట్టాడు.

అచ్చాయమ్మ గారు మైకు ముందుకొచ్చి, "నిశ్శబ్దం..." అన్నారు.

అంతే. మునిసిపాలిటీ కిటికీల అద్దాలన్నీ ఒక్కసారి జలజలా రాలిపోయాయి. చూరులో పావురాలు లేచిపోయి పక్క మండలంలో వాలాయి. బుల్లబ్బాయి గారి తలమీద పౌడరంతా పొగలా లేచింది. అచ్చాయమ్మ గారు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని అలాగే నిలబడిపోయారు.

సర్వోత్తమరావు మాత్రం దువ్వెన పట్టుకుని కిటికీల దగ్గరికి పరుగెత్తాడు. "మేడమ్, శుభవార్త! ఇప్పుడు ఏ కిటికీలోనూ మీసము కనబడుట లేదు. కార్యాలయము సంపూర్ణముగా నిశ్శబ్దమైనది!"

ఆవిడకి ఒక్క ముక్క వినబడలేదు. వినబడకపోవడమే ఆయన అదృష్టం. "గరుకు పెట్టెలు! ఈ గరుకు పెట్టెలే కొంపముంచాయి! మార్చండి!" అని ఆవిడ అరిచిన అరుపు మాత్రం, ఏ పెట్టె సాయం లేకుండా సంతదాకా వినబడింది.

సాయంత్రానికి కొత్త ఉత్తర్వు. శబ్దము గరుకు ఉపరితలములందు పేరుకొని ఒక్కసారిగా విడుదలగునని తేలినందున, ఇకపై మీసము కనబడు వస్తువులు మాత్రమే అనుమతింపబడును. పాత ఉత్తర్వు రద్దు చేసినట్టు మాత్రం అందులో రాయలేదు. రద్దు చేస్తే అది తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. అంచేత రెండూ అమల్లోనే ఉన్నాయి. నూకరాజు అద్దానికి గోనెసంచి విప్పి, పట్టణంలోకెల్లా నిశ్శబ్దమైన వస్తువని బహుమతిచ్చారు. బుల్లబ్బాయి గారి తలకి నూనె రాయించి, శాలువా కప్పారు. స్టీలు కొట్టాయన బూడిద కడుక్కుంటూ కూర్చున్నాడు.

ఈ కబురు మస్తాను మోసుకొచ్చేసరికి పాండురంగారావు వసారాలో ఉన్నాడు. ఒక పక్క రంగు పోయి టేకు తేలిన పెట్టె. ఇంకో పక్క నల్లగా మెరుస్తున్న పెట్టె. మధ్యలో ఆయన, చేతిలో ఇంకా వాడని ఉప్పుకాగితం.

"ఆగండాగండి అయ్యగారూ! దాన్ని ముట్టుకోకండి! మెరుపే కావాలంటున్నారిప్పుడు!" అన్నాడు మస్తాను రొప్పుతూ. "దీనికి మళ్ళీ పూతలెయ్యాలంటే చవితికి ఆరదండి."

పాండురంగారావు అక్కడే చతికిలబడ్డాడు. మంగతాయారు రెండు పెట్టెలనీ మార్చి మార్చి చూసింది.

"లెండి," అంది. "ఇలాగే తీసుకెళ్దాం. ఒకటి మీది, ఒకటి నాది."

చవితి పందిట్లో వినాయకుడికి ఒక పక్క టేకు పెట్టె, ఇంకో పక్క నల్ల పెట్టె పెట్టారు. మంగతాయారు జరీ అంచు చీర కట్టుకుని మైకు ముందు కూర్చుంది. కొంగు భుజం చుట్టూ లాక్కుంది. ఇంతలో జనాన్ని తోసుకుంటూ సర్వోత్తమరావు వచ్చాడు. ఒక చేతిలో దువ్వెన, ఇంకో చేతిలో రెండు ఉత్తర్వులు.

నల్ల పెట్టెలో చూశాడు. మీసం ఉంది. పాత ఉత్తర్వు ప్రకారం అది మోత. టేకు పెట్టెలో చూశాడు. మీసం లేదు. కొత్త ఉత్తర్వు ప్రకారం ఇది మోత. మళ్ళీ చూశాడు. కొత్తదాని ప్రకారం నల్లది నిశ్శబ్దం, పాతదాని ప్రకారం టేకుది నిశ్శబ్దం. ఆయన నుదుట చెమట పట్టింది.

"వీటిలో ఒకటి మాత్రము పాడవలెను!" అన్నాడు.

"ఏదండీ?" అన్నాడు పాండురంగారావు.

"అది..."

మంగతాయారు మైకులో మెల్లిగా అంది: "బాబూ, మీరు కళ్ళు మూసుకుని వినండి. ఏది ఎక్కువ మోగితే దాన్ని ఆపించెయ్యండి. నేనేమీ అనుకోను."

పందిరంతా చూస్తోంది. సర్వోత్తమరావు కళ్ళు మూసుకున్నాడు.

ఆవిడ వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న హారతి పాట ఎత్తుకుంది. మొదటి చరణంలో గొంతు కాస్త తడబడింది. పెట్టెలు ఆ తడబాటుని కూడా దాచకుండా, పెంచకుండా, ఉన్నదున్నట్టు ఇచ్చాయి. రెండో చరణానికి గొంతు కుదురుకుంది. ఎవరూ నవ్వలేదు. పందిరి బయట నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే చెప్పులు విప్పారు. పాండురంగారావు ఆ పెట్టె వైపు చెవి పెట్టాడు, ఈ పెట్టె వైపు చెవి పెట్టాడు. ఇన్ని పూతలు పూసి, ఇంత దుమ్ము మింగిన మనిషికి, ఏది నున్ననో ఏది గరుకో చెవికి తెలియలేదు. తెలియకపోతే పోనిమ్మని, తల ఊపుకుంటూ కూర్చున్నాడు.

పాట అయ్యాక సర్వోత్తమరావు కళ్ళు తెరిచాడు. దువ్వెన జేబులో పెట్టుకున్నాడు.

"ఏది ఎక్కువ మోగిందండీ?" అని అడిగింది మంగతాయారు.

"మాకు తెలియదండీ," అన్నాడాయన.

అదీ కథ. ఇప్పుడు మీరు నన్ను అనుమానంగా చూస్తున్నారని నాకు తెలుసు. సరే, మొదట్లో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇందులో ఒక్క ముక్క నేను కల్పించాను. గోనెసంచి కాదు, అది నిజమే. పౌడరు కాదు, గేదెలు కూడా కాదు. ఒక ఆఫీసరు నలుగురిలో నిలబడి "మాకు తెలియదండీ" అన్నాడని రాశానే, అదొక్కటీ అబద్ధం. అంత నమ్మశక్యం కాని సంగతి ఏ ఊళ్ళోనూ జరగదు.

ఆయన నిజానికి అన్నది, "విషయము పరిశీలనలో ఉన్నది" అని. పరిశీలన తేలేదాకా ఏ పెట్టెనూ ఆపడానికి లేదు. అది ఇంకా తేలలేదు. మంగతాయారు ఇంకా పాడుతూనే ఉంది.